పసుపెక్కిన మంచు

2023 ఫిబ్రవరి సంగతి. ఒంటారియోలోని ఎటోబికోలో, విమానాలు నెత్తి మీదుగా దిగే గోడౌన్ల వీధిలో ఉంటుంది మా షాపు. ఫోటో పేపర్, ఇంక్, ఫ్రేములు, ఫ్రేము వెనక పెట్టే అట్టలు అమ్ముతాం. ఇంట్లో ప్రింటర్ పెట్టుకుని సొంతంగా ఫోటోలు వేసుకునేవాళ్లే మా కస్టమర్లు. పెళ్లికి ముందు గుంటూరులో పెళ్లి ఆల్బమ్‌లు వేసే కలర్ ల్యాబ్‌లో పనిచేశాను. ఇక్కడికొచ్చాక కూడా నేను ఆ రంగుల్ని వదల్లేదు, అవీ నన్ను వదల్లేదు. నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఆయన అంటాడు. "ఫోన్‌లో బానే ఉంది, ప్రింట్‌లో ఎందుకిలా వచ్చింది?" అని పొద్దస్తమానం అడుగుతుంటే ఎవరికైనా అక్కడే ఉంటుంది.

ఆ ప్రశ్నకు జవాబు చిన్నదే. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. కాగితం మీద పడిన వెలుతురులో కొంత సిరా మింగేస్తే, మిగిలిందే మనకు రంగుగా కనపడుతుంది. ఈ రెంటికీ రాజీ కుదర్చడమే మా పని. ఈ ముక్క చెబితే చాలామంది తలూపి, ఇంటికెళ్లి మళ్లీ అదే ప్రశ్నతో ఫోన్ చేస్తారు. విమల ఆంటీ మాత్రం తలూపలేదు, ఎదురు ప్రశ్న వేశారు. మొదటిరోజే ఆవిడ నాకు నచ్చేశారు.

శనివారం మధ్యాహ్నం వచ్చారు. మోకాళ్ల దాకా కోటు, చేతిలో పెన్‌డ్రైవ్. వెనకాలే ఆవిడ భర్త, ట్రైపాడ్ సంచీ భుజాన వేసుకుని.

"ఏవమ్మా, తెలుగమ్మాయివేనా?"

"అవునండీ. సుజాత."

"హమ్మయ్య. రంగుల గురించి ఇంగ్లీషులో గొడవపడటం నా వల్ల కావట్లేదు."

"తెలుగులో అయితే బ్రహ్మాండంగా పడుద్ది. నాదీ గ్యారంటీ," అన్నారు వెనకాయన.

ఆయన పేరు ప్రసాదరావు. ఇద్దరిదీ భీమవరం వైపు. గోదావరి వాళ్ల వెటకారం ఒంటారియో చలికి కూడా గడ్డకట్టదని ఆ పూటే తెలిసింది. ఓక్‌విల్‌లో ఉంటారు. ఆయన కార్ల ప్లాంట్‌లో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆవిడ స్కూల్ బోర్డులో జీతాల లెక్కలు చూసి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఆవిడ కెమెరా పట్టుకున్నారు. ఆ కెమెరాతో ఆవిడ తీసేది ఒకటే. మంచు.

పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. గడ్డకట్టిన చెరువు అంచు. మంచు కప్పిన బెంచీ. గాలికి ఒకవైపుకే పేరుకున్న మంచుతో రెయిలింగ్. మనుషులు లేరు, సూర్యాస్తమయాలు లేవు. తెలుపు మీద తెలుపు, ఆ తెలుపులో సన్నటి నీడలు. ఒక్కోదాన్నీ పెద్దది చేసి, అంచుల దాకా జరుపుకుంటూ చూశాను.

"ఎవరు చూస్తారమ్మా ఇవి?" అన్నారు అంకుల్. "నేనేవంటానంటే, ఖాళీ కాగితాన్నే ఫ్రేమ్ కట్టించేస్తే పోలా? సిరా మిగులుద్ది."

"మీరు కాసేపు అటెళ్లి ఏదన్నా చూడండి," అన్నారు ఆంటీ, వెనక్కి తిరక్కుండానే.

అసలు విషయం అప్పుడు చెప్పారు. ఓక్‌విల్‌లో ఒక ఆర్ట్ సెంటర్ ఉంది. కొత్తవాళ్ల కోసం ఒక గోడను నెలపాటు ఇస్తారు. అది నడిపే ఆవిడ ఈ ఫోటోలను స్క్రీన్ మీద చూసి ఇష్టపడింది. అయితే స్క్రీన్ మీద చూసి గోడ ఇవ్వనంది. వచ్చే శుక్రవారం కాదు, ఆపై శుక్రవారానికి ఒక పెద్ద ప్రింట్ తెచ్చి చూపించాలి. నచ్చితే ఏప్రిల్ నెల ఆంటీది. లేకపోతే వెనకాల వేచి ఉన్నవాళ్లకు వెళ్లిపోతుంది.

"ల్యాబ్‌లో వేయించవచ్చు కదా ఆంటీ?"

"వేయించా. మంచును నీలంగా వేశాడు. అదేంటయ్యా అంటే, మంచు ఇలాగే ఉంటుంది మేడమ్ అన్నాడు. నా మంచు అలా ఉండదమ్మా. పొద్దున్నే వెళ్లి చేతులు కొంకర్లు పోతుంటే తీసుకొచ్చింది నేను కదా, వేసేది కూడా నేనే అవ్వాలి." గొంతు తగ్గించి అన్నారు: "ఇన్నేళ్లూ అందరి పేర్లూ నేను టైప్ చేశానమ్మా. నా పేరు ఒక్కసారి గోడ మీద చూసుకోవాలనుంది."

ఆ మాటతో నాకు వేరే కస్టమర్లు ఎవరూ కనపడలేదు.

ముందు కాగితం. సాంపిల్ పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాను. గ్లాసీ పేపర్ అంటే మెరుపు కాగితం. రంగులు గంతులేస్తాయి, నలుపు నిజంగా నల్లగా వస్తుంది. కానీ గోడకు తగిలిస్తే ఎదుటి కిటికీ, ట్యూబ్‌లైటు, చూస్తున్న మనిషి ముఖం అన్నీ అందులోనే. లస్టర్ అంటే మెరుపు తగ్గించి, పైన సన్నటి గరుకు ఉంచింది. పెళ్లి ఫోటోలకు, పిల్లల పుట్టినరోజులకు దాన్ని మించింది లేదు. మూడోది మాట్ కాటన్ పేపర్. దూదితో చేస్తారు. మెరుపు ఉండదు, నలుపు అంత లోతుగా రాదు, గోరు తగిలితే గీత పడుతుంది. అయితే తెలుపులో తేడాలను అది చూపించినట్టు ఇంకేదీ చూపించదు.

ఆంటీ గ్లోవ్ తీసి దాన్ని వేళ్లతో నిమిరారు. "ఉతికిన నేత చీరలా ఉంది. ఇదే."

"ఇందులో రెండు తెలుపులున్నాయి ఆంటీ. ఒకటి కళ్లు చెదిరే తెలుపు. అందులో బ్రైటెనర్లు కలుపుతారు, బట్టలకు నీలిమందు పెట్టినట్టు. కొన్నేళ్లకు ఆ మందు దిగిపోయి కాగితం రంగు మారుతుంది. రెండోది ఏమీ కలపని సహజమైన తెలుపు. కొంచెం మీగడ రంగులో ఉంటుంది."

"మరి మీగడ రంగు మీద మంచు తెల్లగా ఎలా వస్తుంది?"

చెప్పానుగా, ఎదురు ప్రశ్న వేస్తారని. "కన్ను మనల్ని మోసం చేస్తుంది ఆంటీ. ఫ్రేములో ఇంకే తెలుపూ లేకపోతే, ఉన్నదాన్నే తెలుపు అనుకుంటుంది. నీడలు శుద్ధమైన బూడిద రంగులో వస్తే చాలు, మంచు తెల్లగానే ఉంటుంది." ఆవిడ సహజమైనదే తీసుకున్నారు.

ఈ కాగితానికి ఒకవైపే సిరా పట్టే పూత ఉంటుంది. ఏ వైపో కంటికి తెలీదు. "మూల మీద తడివేలు పెట్టి చూడండి, అంటుకున్న వైపు పూత వైపు," అని చెప్పాను. దూరంగా నిలబడ్డ అంకుల్ కూడా వింటున్నట్టు తలూపారు.

ఇక ప్రొఫైల్. ప్రతి కాగితం సిరాను ఒక్కోలా తాగుతుంది. ఏ ప్రింటర్, ఏ ఇంక్, ఏ కాగితం కలిస్తే ఏ రంగు ఎలా వస్తుందో రాసిపెట్టిన ఫైలునే ఐసీసీ ప్రొఫైల్ అంటారు. మన ఆడవాళ్లకు చెప్పాలంటే అది కొలత జాకెట్టు. టైలర్‌కు ఎన్ని మాటలు చెప్పినా లాభం లేదు, కొలత జాకెట్టు ఇస్తే సరిగ్గా కుడతాడు. కాగితం కంపెనీలు కొన్ని ప్రింటర్లకు ఉచితంగా ప్రొఫైళ్లు ఇస్తాయి. ఆంటీ ఇంట్లో ఉన్న ప్రింటర్‌కు ఆ కాగితం మీద లేదు. కాబట్టి మేమే తయారుచేయాలి. నేను ఇచ్చిన చార్ట్, అంటే వందలకొద్దీ రంగు గళ్లున్న పేజీలు, ఆవిడ తన ప్రింటర్‌లో తన కాగితం మీద వేయాలి. వేసేటప్పుడు కంప్యూటర్ రంగుల్ని సరిదిద్దకుండా చూసుకోవాలి. ఒక రోజు ఆరనివ్వాలి. ఆ పేజీలు నాకు తెచ్చిస్తే, ఒక్కొక్క గడినీ స్పెక్ట్రోఫోటోమీటర్ అనే రంగు కొలిచే యంత్రంతో చదివించి ప్రొఫైల్ చేస్తాను.

చెప్పినవన్నీ ఆవిడ అక్షరం పొల్లుపోకుండా చేశారు. అంకుల్ వచ్చి చార్టులు ఇచ్చి వెళ్లారు. నేను కొలిచి, ప్రొఫైల్ చేసి మెయిల్‌లో పంపించాను. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను.

శుక్రవారం ఇంకా మూడు రోజులుందనగా ఫోన్.

"సుజాతా, మంచుకు పచ్చకామెర్లొచ్చాయమ్మా."

నవ్వొచ్చింది కానీ ఆవిడ నవ్వట్లేదు. వరసగా అడిగాను. ప్రింటర్ సెట్టింగ్స్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేశారా? చేశారు. ప్రోగ్రాంలో నా ప్రొఫైల్ సెలెక్ట్ చేశారా? చేశారు. ఇవి అడగడానికి కారణముంది. ప్రోగ్రామూ సరిదిద్ది, ప్రింటరూ సరిదిద్దితే ఒకే కూరలో ఇద్దరు ఉప్పు వేసినట్టే. చాలా ఇళ్లల్లో జరిగేది అదే. ఇక్కడ అది కాదు. పేపర్ టైప్ మాట్ అనే పెట్టారు. ఇంక్ అన్ని రంగులూ పడుతున్నాయి. పూత వైపే వేశారు. పగటి వెలుతురులోనే చూస్తున్నారు.

వెనకనుంచి అంకుల్ గొంతు: "కుక్కలు తిరిగిన వీధిలో మంచులా ఉందమ్మాయ్."

"ఏవండీ, ఊరుకుంటారా!" అన్నారు ఆంటీ. ఆ వెంటనే గొంతు మారింది. "పోనీలేమ్మా. నాకిది రాసిపెట్టి లేదేమో. ఆవిడకు ఫోన్ చేసి, ఆ నెల ఇంకెవరికన్నా ఇచ్చేయమంటా."

నాకు సర్రున కోపమొచ్చింది. ఆవిడ మీద కాదు, ఆ పసుపు మీద. "ఆంటీ, ఫోన్ చేశారంటే చూడండి! నేను చేసిన ప్రొఫైల్ పచ్చగా వస్తే నేను ఊరుకుంటానా? రేపు ఆ ప్రింటూ, మిగిలిన కాగితం పెట్టే పట్టుకుని రండి. మిగతాది నేను చూసుకుంటా."

"అంటే... అవుతుందంటావా?"

"అవ్వకపోతే నా పేరు మార్చుకుంటా."

మర్నాడు బయట ముద్దలు ముద్దలుగా మంచు పడుతోంది. అయినా వచ్చారు. అంకుల్ ఆ రోడ్ల మీద ఎలా డ్రైవ్ చేశారో గానీ, లోపలికొచ్చి బూట్లు దులుపుకుని ఓ మూల నిలబడ్డారు. ఒక్క జోకూ వేయలేదు. నేను అది గమనించాను కానీ, రోడ్డు చూసి అలిసిపోయారనుకున్నాను.

ప్రింట్‌ను మా డేలైట్ ల్యాంప్ కింద పెట్టాను. రంగులు పోల్చుకోడానికి వాడే దీపం అది, మధ్యాహ్నపు వెలుతురులా ఉంటుంది. ఆవిడ అన్నది నిజమే. బెంచీ మీది మంచు నీడలన్నీ పచ్చగా ఉన్నాయి. పాత ఇంటి గోడకు చెమ్మ దిగినట్టు ఉంది. ఆంటీ దానివైపు చూడలేక మొహం తిప్పుకున్నారు.

ఇలాంటప్పుడు ఒక్కొక్కటిగా తీసేస్తూ పోవాలి. ఆవిడ పెట్టెలోంచి ఒక కాగితం తీసి, మా షాపు ప్రింటర్‌లో, మా షాపు ప్రొఫైల్‌తో అదే ఫోటో వేశాను. మంచు తెల్లగా వచ్చింది. అంటే కాగితం మంచిదే. ఆవిడ ఇంటి ప్రింటర్‌లో ఇంకో కాగితం మీద వేసిన ఫోటోలు చూపించారు. అవీ శుభ్రంగా ఉన్నాయి. అంటే ప్రింటర్ మంచిదే. ఇక మిగిలింది నా ప్రొఫైల్ ఒక్కటే.

కొలతల అంకెలు మళ్లీ తెరిచాను. కాగితం తెలుపు కొలిచిన అంకె ఉండాల్సిన దానికన్నా పసుపు వైపు జరిగి ఉంది. మా చార్ట్‌లో నాలుగు మూలల్లో నాలుగు తెల్ల గళ్లుంటాయి, సిరా పడకుండా ఖాళీగా. కాగితం అంతటా ఒకేలా ఉందో లేదో చూడటానికి. నాలుగూ ఒకేలా పచ్చగా ఉండటంతో సాఫ్ట్‌వేర్‌కు అనుమానం రాలేదు. ఒక్క మూల తేడాగా ఉంటే అరిచి గోల చేసేది. చార్ట్ తీసి చూశాను. నా కంటికి మామూలు మీగడ రంగే. ఎంత చూసినా అంతే.

"వేరే పెట్టెలో కాగితం ఏదన్నా కలిసిందేమో ఆంటీ, చూద్దాం," అని యూవీ టార్చ్ తీశాను. మా పనిలో అది చాలా ఉపయోగం. బ్రైటెనర్ ఉన్న కాగితం మీద వేస్తే నీలంగా వెలుగుతుంది, లేనిది చప్పగా ఉండిపోతుంది. ఏ కాగితమో ఇట్టే తేలిపోతుంది. వెనక గదిలో లైట్లు ఆపేసి చార్ట్ మీదికి వేశాను.

కాగితం చప్పగానే ఉంది. నాలుగు మూలలు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతున్నాయి! పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు. గుండ్రంగా, నాలుగూ ఒకే సైజులో. దగ్గరికెళ్లి చూస్తే వేలిముద్ర గీతలు కూడా కనపడుతున్నాయి.

"ఓరి నాయనో!" అన్నాను.

"ఏంటమ్మా అవి?" ఆంటీ వంగి చూశారు. రెండో పేజీ తిప్పాను. అక్కడా నాలుగు.

గుంటూరు ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో శుభలేఖలు ఎన్ని చూసి ఉంటాను! పంచేముందు నాలుగు మూలలా వేలితో అద్దుతారు. ఆ రంగు, ఆ గుండ్రం, ఆ వరస నాకు తెలియనివి కావు. ఆంటీకి నాకన్నా ముందే తెలిసినట్టుంది. ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం. అంకుల్ గోడకున్న ఇంక్ పోస్టర్‌ను శ్రద్ధగా చదువుతున్నారు, ఆ చీకట్లో.

"ఏవండీ."

"ఆఁ."

"ఇటు చూడండి."

"చూశా. బాగుంది. భలే మెరుస్తోంది."

"పసుపు పెట్టారా దీనికి?"

ఆయన మెడ గోక్కున్నారు. "పెట్టా. వెంటనే కర్చీఫ్‌తో తుడిచేశా కూడా. అస్సలు కనపడలేదే! అయినా నన్నంటావేంటి, మూల మీద వేలు పెట్టమన్నది ఈ అమ్మాయే!"

"తడివేలన్నాను అంకుల్! పసుపువేలు అన్లేదు!"

ఇక నా వల్ల కాలేదు. బల్ల పట్టుకుని నవ్వాను. దూది కాగితం కదా, తుడిచింది తుడవగా మిగిలిన పసుపును లోపలికి పీల్చేసుకుంది. కంటికి ఆనదు, యంత్రానికి ఆనుతుంది. ఈ కాగితం తెలుపే పసుపనుకుంది యంత్రం. తెల్లటి మంచంటే ఇదే కాబోలనుకుని, నీడలన్నిటికీ పసుపు సిరా కలిపి పెట్టింది పాపం. పైగా ఏళ్ల తరబడి క్వాలిటీ చూసిన చెయ్యి, నాలుగు మూలలా తేడా లేకుండా ఒకేలా నొక్కింది!

ఆంటీ నవ్వట్లేదు. లైటు వేశాను. ఆవిడ భర్తనే చూస్తున్నారు.

"ఎందుకు పెట్టారు?"

"ఎందుకేంటి?" ఆయన అటూ ఇటూ చూసి, తప్పదన్నట్టు చెప్పారు. "నాకు ఇక్కడ మొదటి ఉద్యోగం ఆఫర్ లెటర్ వస్తే నువ్వు పసుపు పెట్టావు. ఇల్లు కొంటే కాగితాలకు పెట్టావు. అమ్మాయి పెళ్లికి మొదటి కార్డుకు పెట్టావు. కార్లు మార్చినప్పుడల్లా పెట్టావు. నీ పనికి ఇంతవరకూ ఎవరన్నా పెట్టారా? పొద్దున లేచి చూస్తే ఆ రంగు గళ్ల కాగితాలు ఆరబెట్టి ఉన్నాయి. అవేంటో నాకేం తెలుసు? గోడకెక్కే నీ మొదటి ప్రింట్లు ఇవే కాబోలు, ఇప్పుడిలాంటివి వేస్తున్నారేమో అనుకున్నా. మొదటి కాగితం కదా, ఊరికే ఎలా వదిలేస్తాం?"

"మరి ఖాళీ కాగితం ఫ్రేమ్ కట్టించుకోమన్నారు?"

"అది నోటితో అన్నమాట విమలా."

ఆవిడ కళ్లు నిండిపోయాయి. ఆ కళ్లతోనే నవ్వడం మొదలుపెట్టారు. మొదట మెల్లగా, తర్వాత కోటు కొంగులా నోటికడ్డం పెట్టుకుని, పడీపడీ. ఆయనా నవ్వారు. నేను ముక్కు తుడుచుకుని, ఇంక్ సర్దుతున్నట్టు అటు తిరిగాను. వచ్చినప్పటినుంచీ జోకులు లేని మనిషి ఎందుకలా నిలబడ్డారో అప్పటికి అర్థమైంది. మంచు ఎందుకు పచ్చబడిందో తెలియకపోయినా, పసుపు పెట్టింది తనేనని ఆయనకు తెలుసు కదా.

సమయం తక్కువుంది. ఆంటీ ఇంటికెళ్లగానే కొత్త చార్టులు వేశారు. ఒక రోజు ఆరబెట్టి, గురువారం మధ్యాహ్నం అంకుల్ చేత పంపించారు. ఆయన కొత్త గ్లోవ్స్ వేసుకుని, కవర్‌ను రెండు చేతులతో ప్రసాదంలా పట్టుకుని వచ్చారు.

"సబ్బుతో కడుక్కున్నా. రెండుసార్లు. కావాలంటే లైటేసి చూస్కో."

చూశాను. ఆయన ముందే. చప్పగా, శుభ్రంగా ఉన్నాయి. యంత్రం ఒక్కో వరసా చదువుతుంటే ఆయన పక్కనే కూర్చుని చూశారు.

"ఇప్పుడు తెల్లగా వస్తుందా?"

"వస్తుంది అంకుల్."

"తను ఆ చెరువు దగ్గరికి తెల్లారకుండా వెళ్లుద్దమ్మా. నేను ముందే లేచి, కారు మీద మంచంతా గోకి, వేడి చేసి ఉంచుతా. తను లేచేలోపు మళ్లీ వెళ్లి పడుకుంటా. ఈ సంగతి నువ్వు చెప్పకు. కారు దానంతటదే శుభ్రంగా ఉంటుందనుకుంటోంది."

"ఆంటీ అలా అనుకుంటారని మీరనుకుంటున్నారా?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అదీ నిజమేలే," అన్నారు.

సాయంత్రం ఆంటీ వీడియో కాల్ చేశారు. ప్రింట్‌ను కిటికీ పక్కన పట్టుకున్నారు. బయట పెరట్లో మంచు, చేతిలో మంచు. నేను మాట్లాడేలోపే అంకుల్ తల మధ్యలో పెట్టి, "కుక్కలేవీ తిరగలేదమ్మాయ్!" అని అరిచారు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆ రాత్రి మా ఆయన అన్నం తింటూ, ఏంటివాళ ఇంత హుషారుగా ఉన్నావని రెండుసార్లు అడిగాడు.

శుక్రవారం ఆర్ట్ సెంటర్ ఆవిడ ఆ ప్రింట్ పట్టుకుని చాలాసేపు చూసి, పక్క కుర్చీలో ఉన్న స్వెటర్ తీసి వేసుకుందట. "చూస్తుంటే చలేస్తోంది" అందట. ఏప్రిల్ నెల ఇచ్చేసింది. ఆంటీ ఫోన్‌లో ఆ మాట చెబుతూ చిన్నపిల్లలా కేక పెట్టారు. నేనూ పెట్టాను. షాపులో కస్టమర్లు తిరిగి చూశారు, చూస్తే చూడనీ అనుకున్నాను.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంచెం మారింది. యంత్రం కాగితం మీద ఏముంటే అది కొలుస్తుంది. అది ఎవరు, ఎందుకు పెట్టారో దానికి తెలీదు. అది అడగాల్సింది నేను. అంతవరకు నేను సెట్టింగ్స్ గురించి అడిగేదాన్ని, ఇంక్ గురించి అడిగేదాన్ని, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగేదాన్ని కాదు. ఇప్పుడు మనవాళ్లెవరన్నా చార్టులు తెస్తే ముందు టార్చ్ వేస్తాను. వేస్తూ, "ఇంట్లో ఎవరన్నా దీనికి ఏమన్నా పెట్టారా అండీ?" అని అడుగుతాను. చాలామంది నవ్వుతారు. మార్కమ్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి మాత్రం నవ్వకుండా, "అగరుబత్తి తిప్పితే ప్రాబ్లమా అక్కా?" అని అడిగాడు. అతన్ని కూర్చోబెట్టి ఇంకో చార్ట్ ఇచ్చాను.

మార్చి చివర్లో ఇద్దరూ ప్రింట్లన్నీ తీసుకుని ఫ్రేములకోసం వచ్చారు. ఒక్కొక్కటీ మంచు అంటే మంచే. వెనక గదిలో బల్ల మీద బోర్లా పెట్టి, వెనక అట్టలు బిగిస్తున్నాం. అంకుల్ నా దగ్గరికొచ్చి, జేబులోంచి చిన్న డబ్బీ తీసి, ఎవరో వింటారన్నట్టు మెల్లగా అడిగారు.

"అమ్మాయ్, టెక్నికల్‌గా... ఈ అట్టకు పెడితే ఏమన్నా అవుద్దా?"

నేను చాలా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాను. "కాగితానికి తగలకూడదు. అట్ట బయటివైపైతే, టెక్నికల్‌గా పర్లేదు అంకుల్."

ఆయన వేలు అద్ది, మొదటి ఫ్రేము వెనక ఒక్కో మూలా తాకారు. తర్వాత రెండోది. ఆంటీ చూస్తారేమోనని నేను అడ్డం నిలబడబోయాను. ఆవిడ నన్ను పక్కకు జరిపి, మూడో ఫ్రేమును తన చేతుల్తోనే ఆయన ముందుకు బోర్లా తిప్పారు. ఆయన పెడుతుంటే వంగి చూసి, వేలితో చూపించారు.

"ఏవండీ, ఈ కింద మూల వదిలేశారు."